పాఠకుల ప్రశ్నలు: అమెరికాలో పదిహేడో నంబరు సీటు కథ

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో శాంటాక్లారాలో ఉంటారు. ఆ మధ్య వాళ్ల దగ్గరుండి వచ్చాను. అక్కడ ఉండగా మనవడికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు, మీ కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్ చరిత్ర, దాని ప్రతినిధుల గురించి రాసుకురమ్మని. వాళ్లది 17వ డిస్ట్రిక్ట్. వెతికితే ఫ్రెస్నో మనిషి పేరొకటి, మాంటెరే మనిషి పేరొకటి వస్తున్నాయి. ఒకే సీటుకు ఇన్ని ఊళ్లేమిటి? ఇప్పుడున్న రో ఖన్నాకు ముందు అసలు ఎవరు? – మారతహళ్లి పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మనవడు పట్టుకున్న జాబితా తప్పేమీ కాదు, కాకపోతే అది నంబరు జాబితా, వాళ్ల ఊరి జాబితా కాదు. రెండూ వేరని మొదట వాడికి చెప్పండి, సగం పని అయిపోతుంది.

మన దగ్గర లోక్‌సభ సీటుకు ఊరి పేరుంటుంది: బెంగళూరు సెంట్రల్, హిందూపురం, నెల్లూరు. హద్దులు అటూ ఇటూ జరిగినా పేరు ఆ ఊరిని పట్టుకునే ఉంటుంది. అమెరికాలో ప్రతినిధుల సభ సీట్లకు ఊరి పేరు ఉండదు, రాష్ట్రం పేరు, ఒక నంబరు, అంతే. పదేళ్లకోసారి జనాభా లెక్కలు అవ్వగానే ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో మళ్లీ పంచుతారు, మొత్తం మాత్రం 435 దాటదు. ఆ తర్వాత రాష్ట్రం లోపల గీతలు మళ్లీ గీస్తారు. కాలిఫోర్నియాలో నంబర్లు ఉత్తరం కొస నుంచి మొదలుపెట్టి కిందికి వేసుకుంటూ వస్తారు. 1960ల్లో ఆ రాష్ట్రానికి 38 సీట్లు, తర్వాత 43, 45, 52, 53 ఇలా పెరుగుతూ పోయి 2020 లెక్కల తర్వాత చరిత్రలో మొదటిసారి ఒకటి తగ్గి 52 అయ్యాయి. పైన ఎక్కడో ఒక సీటు పెరిగినా, ఒక ఊరు ఇటు నుంచి అటు పోయినా కింద నంబర్లన్నీ జరుగుతాయి.

అందుకే 17 అనే నంబరు రాష్ట్రమంతా తిరిగింది. 1973 నుంచి రెండేళ్లు అది శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న పట్టణాలది, ప్రతినిధి పీట్ మెక్లాస్కీ. వియత్నాం యుద్ధం వద్దని సొంత పార్టీ అధ్యక్షుడు నిక్సన్ మీదే 1972లో పోటీకి దిగిన రిపబ్లికన్ ఆయన. 1975కల్లా అదే నంబరు ఫ్రెస్నో వైపు, పంట పొలాల మధ్యకు వెళ్లిపోయింది. జాన్ క్రెబ్స్, చిప్ పషాయన్, కాల్ డూలీ అక్కడి వాళ్లు. 1993లో మళ్లీ సముద్రం ఒడ్డుకు, మాంటెరేకు వచ్చింది. ఆ జనవరిలోనే అక్కడి ప్రతినిధి లియోన్ పనెట్టా క్లింటన్ ప్రభుత్వంలో చేరడానికి రాజీనామా చేస్తే ఉప ఎన్నికలో శామ్ ఫార్ గెలిచాడు, 2013 దాకా ఆ నంబరు మీదే ఉన్నాడు. 2013 జనవరి నుంచి 17 మీ అమ్మాయి వాళ్ల వైపుకు వచ్చింది. మాంటెరే ఎక్కడికీ పోలేదు, దానికి 20 వచ్చింది, ఇప్పుడు 19. పనెట్టా కొడుకు జిమ్మీ పనెట్టా ఇవాళ ఆ సీట్లోనే ఉన్నాడు. అంటే తండ్రీ కొడుకులది ఒకే తీరం, నంబర్లు మాత్రం మారుతూ వచ్చాయి.

కాబట్టి మీ మనవడికి నేను చెప్పేది, నంబరు వెంట పోవద్దు, నేల వెంట పొమ్మనండి. వాళ్లుండే శాంటాక్లారా, శాన్‌హోసే వైపు నుంచి వాషింగ్టన్‌కు ఎవరెవరు వెళ్లారో చూస్తే కథ వస్తుంది, అది మామూలు కథ కాదు.

1953 నుంచి 1974 చివరి దాకా ఆ శాంటాక్లారా లోయకు, అంటే ఇప్పటి సిలికాన్ వ్యాలీకి, ప్రతినిధి చార్లెస్ గబ్సర్ అనే రిపబ్లికన్. అప్పటికి అక్కడ ఎక్కువగా పండ్ల తోటలే, ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ. ఆయన దిగిపోయాక 1974 నవంబరులో గెలిచినవాడు నార్మన్ మినెటా, అప్పటికే శాన్‌హోసే మేయర్. ఒక పెద్ద అమెరికన్ నగరానికి మేయర్ అయిన మొదటి ఆసియా సంతతి మనిషి ఆయనే. సీటు నంబరు అప్పుడు 13, ఆ తర్వాత 15.

ఈయన గురించి వాడిని కాస్త వివరంగా రాయమనండి. మినెటా శాన్‌హోసేలోనే పుట్టాడు, 1931లో. తల్లిదండ్రులు జపాన్ నుంచి వచ్చినవాళ్లు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, దాంతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్లను, సుమారు 1 లక్షా 20 వేల మందిని, ఇళ్లలోంచి లేపి కంచెల వెనక శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే, ఒక్కరి మీదా కేసు లేదు, విచారణ లేదు. మినెటాకు అప్పుడు పదేళ్లు. కబ్ స్కౌట్ యూనిఫాం వేసుకుని, బేస్‌బాల్ గ్లవ్, బంతి, బ్యాట్ పట్టుకుని రైలెక్కబోతుంటే సైనిక పోలీసులు ఆ బ్యాట్ లాక్కున్నారు, అది ఆయుధం కింద లెక్క అని. ముందు లాస్ ఏంజెలెస్ దగ్గర గుర్రప్పందేల మైదానంలో ఉంచి, అక్కడి నుంచి వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్ అనే చలి ప్రాంతానికి తీసుకుపోయారు. చాలా ఏళ్ల తర్వాత, ఆయన కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు, ఈ సంగతి విన్న ఒక అభిమాని ఖరీదైన పాత బ్యాట్ ఒకటి బహుమతిగా పంపాడు. సభ్యులు తీసుకోగల బహుమతుల విలువకు పరిమితి ఉంది కనుక దాన్ని కూడా తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక, ప్రభుత్వం చేసింది తప్పని ప్రభుత్వం చేతే ఒప్పించే చట్టం వెనక నిలబడ్డాడు. బిల్లుకు హెచ్ఆర్ 442 అని నంబరు ఎంచుకుని పెట్టారు. శిబిరాల్లో కుటుంబాలుండగా యూరప్‌లో అమెరికా తరఫున పోరాడిన జపాన్ సంతతి సైనికుల రెజిమెంటు పేరు 442. ప్రతినిధుల సభ దాన్ని 1987 సెప్టెంబరు 17న, అమెరికా రాజ్యాంగానికి సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన రోజున ఆమోదించింది. 1988 ఆగస్టు 10న రీగన్ సంతకం పెట్టాడు. బతికున్న ప్రతి బాధితుడికీ క్షమాపణ, 20 వేల డాలర్లు. డబ్బు పెద్దదేం కాదు, పోయిన ఇళ్లకూ దుకాణాలకూ తోటలకూ అది ఏ మూలకూ రాదు. అయినా ఒక పెద్ద దేశం తన పౌరులకు లిఖితపూర్వకంగా తప్పు ఒప్పుకున్న సందర్భాలు ప్రపంచంలో ఎన్నో లేవు, అది ఆ లోయ నుంచి వెళ్లిన మనిషి చేతుల మీదుగా జరగడం ఎంతో గొప్ప సంగతి అని నా అభిప్రాయం.

ఈయన తర్వాత రవాణా మంత్రి కూడా అయ్యాడు. 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశంలో ఉన్న పౌర విమానాలన్నిటినీ, నాలుగు వేలకు పైగా, వెంటనే దించేయమన్న ఆదేశం ఆయన హయాంలోనిదే. ఆ తర్వాతి వారాల్లో విమానాశ్రయాల్లో రూపం చూసి, మతం చూసి మనుషులను ఆపకూడదని గట్టిగా పట్టుబట్టాడు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. శాన్‌హోసే విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. 2022లో చనిపోయాడు.

మినెటా 1995లో మధ్యలోనే దిగిపోతే స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ టామ్ క్యాంప్‌బెల్, రిపబ్లికన్, ఉప ఎన్నికలో గెలిచి 2001 జనవరి దాకా ఉన్నాడు. 2000లో ఆయన సెనేట్‌కు పోటీ చేసి ఓడాడు, ఖాళీ అయిన సీట్లో మైక్ హోండా గెలిచాడు. మళ్లీ చూడండి, హోండా కూడా ఆ శిబిరాల బిడ్డే. 1941లో పుట్టాడు, పసివాడిగా ఉండగానే కుటుంబంతో కొలరాడోలోని అమాచీ శిబిరానికి చేరాడు. తర్వాత టీచరు, ప్రిన్సిపాలు, స్కూల్ బోర్డు సభ్యుడు, ఇలా కిందినుంచి పైకి వచ్చాడు. 2007లో ఒక తీర్మానం పెట్టి నెగ్గించాడు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా చేసిన కొరియా, చైనా, ఇతర దేశాల మహిళలకు జపాన్ ప్రభుత్వం స్పష్టంగా క్షమాపణ చెప్పాలని. జపాన్ మూలాలున్న మనిషి జపాన్‌ను నిలదీయడం మీద అక్కడ చాలా వాదోపవాదాలు నడిచాయి. తన కుటుంబానికి అమెరికా చెప్పిన మాటే ఆ మహిళలకు జపాన్ చెప్పాలని అడిగాడు ఆయన, నాకైతే అందులో తేడా ఏమీ కనిపించదు.

హోండా ఉండగానే నంబరు 15 నుంచి 17కు మారింది, 2012 ఎన్నికలో. ఈసారి గీతలు గీసింది పార్టీలు కాదు, పౌరుల కమిషన్. 2008లో ఒకటి, 2010లో ఒకటి ప్రజాభిప్రాయ ఓటింగ్ పెట్టి జనమే ఆ పని శాసనసభ చేతిలోంచి తీసేసుకున్నారు. కమిషన్‌లో 14 మంది: ఐదుగురు డెమొక్రాట్లు, ఐదుగురు రిపబ్లికన్లు, నలుగురు ఏ పక్కా కానివాళ్లు. మొదటి ఎనిమిది మందిని లాటరీ తీస్తారు, మిగతా ఆరుగురిని వాళ్లే ఎంచుకుంటారు. ఇప్పుడున్న ప్రతినిధి ఇల్లు ఎక్కడుందో చూసి గీత గీయకూడదు, ఊళ్లను వీలైనంత చీల్చకూడదు. అలా గీస్తే అంతకుముందు పీట్ స్టార్క్ సీట్లో ఉన్న ఫ్రీమాంట్‌లో చాలా భాగం, ఆనా ఎషూ సీట్లో ఉన్న సన్నీవేల్, హోండా పాత ఊళ్లు శాంటాక్లారా, క్యూపర్టినో కలిసి ఒక కొత్త సీటు పుట్టింది. హవాయిని పక్కన పెడితే అమెరికాలో ఆసియా సంతతి వాళ్లు సగానికి పైగా ఉన్న మొదటి డిస్ట్రిక్ట్ అదే.

రో ఖన్నా వచ్చింది ఈ సీట్లోకి. అక్కడ 2012 నుంచి పద్ధతి ఏమిటంటే, ప్రైమరీలో, అంటే తొలి విడత ఎన్నికలో, పార్టీ ఏదైనా ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరూ నవంబరు బరిలోకి వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే. 2014లో హోండా, ఖన్నా ఇద్దరూ డెమొక్రాట్లే, సుమారు 52–48తో హోండా గట్టెక్కాడు. 2016లో మళ్లీ వాళ్లిద్దరే, ఈసారి 61–39తో ఖన్నా గెలిచాడు. ఖన్నా పుట్టింది ఫిలడెల్ఫియాలో, తల్లిదండ్రులది పంజాబ్, తాతగారు అమర్‌నాథ్ విద్యాలంకార్ స్వాతంత్ర్య సమరయోధుడు, లాలా లజపతిరాయ్ దగ్గర పనిచేశాడు, తర్వాత మన లోక్‌సభ సభ్యుడు కూడా. తాత ఢిల్లీ పార్లమెంటులో, మనవడు వాషింగ్టన్‌లో, ఇది మీ మనవడికి నచ్చుతుందనుకుంటాను.

ఇంకొక్క మాట. ఆ పౌరుల కమిషన్ పటం కూడా ఇప్పుడు పక్కకు పోయింది. 2025లో టెక్సస్ మధ్యలో గీతలు మార్చి రిపబ్లికన్లకు సీట్లు పెంచుకోబోతే, దానికి పోటీగా కాలిఫోర్నియా 2025 నవంబరులో ప్రజల ఓటు పెట్టి, శాసనసభ గీసిన పటాన్ని 2030 ఎన్నికల దాకా వాడుకోవడానికి ఒప్పించుకుంది. ఎదుటివాడు చేశాడని మనమూ చేయడం నాకు నచ్చలేదు, పదేళ్లు కష్టపడి తెచ్చుకున్న మంచి పద్ధతి అది. ప్రాజెక్టులో తేదీ వేసి రాయమనండి, పటం మారిపోతుంటుంది కాబట్టి.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్1బి మీద ఫ్రీమాంట్‌లో ఉన్నాడు. వాడికి ఓటు లేదు కదా, అలాంటప్పుడు అక్కడి కాంగ్రెస్‌మాన్ వాడిని పట్టించుకుంటాడా? మాకు విజిటర్ వీసా తిరస్కరించారు, ఆయన చేత చెప్పిస్తే వస్తుందా? – జేపీ నగర్ పాఠకుడు

జవాబు: ఓటు లేకపోయినా మీ అబ్బాయి ఆ డిస్ట్రిక్ట్ లెక్కలో ఉన్నాడండీ. అమెరికా రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం సీట్లు పంచేది ఓటర్లను లెక్కపెట్టి కాదు, అక్కడ నివసించే మనుషులందరినీ లెక్కపెట్టి. ఇప్పుడు ఒక్కో సీటుకు సగటున 7 లక్షల 60 వేల మంది. అందులో హెచ్1బి వాళ్లు, వాళ్ల భార్యాబిడ్డలు అందరూ ఉంటారు.

అక్కడ ప్రతి సభ్యుడికీ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు ఉంటుంది, కేవలం జనం పనులు చూసే సిబ్బంది ఉంటారు. ఇమిగ్రేషన్ ఫైలు నెలల తరబడి కదలకపోతే, పాస్‌పోర్టు ఆగిపోతే, టాక్స్ రిఫండ్ రాకపోతే వెబ్‌సైట్‌లో ఫారం నింపి, నా వివరాలు మీరు అడగొచ్చని ఒక సంతకం పెట్టి ఇస్తే చాలు, వాళ్లు ఆ శాఖకు రాసి జవాబు తెప్పిస్తారు. పార్టీ అడగరు, ఓటు వేశావా అని అడగరు, డబ్బు తీసుకోరు. ఎవరైనా ఏజెంటు మధ్యలో వచ్చి నేను చేయిస్తానంటే వెంటనే పంపించేయండి.

కానీ వీసా వేరు. చెన్నై కాన్సులేట్‌లో ఆఫీసరు కాదన్న తర్వాత కాంగ్రెస్‌మాన్ ఆఫీసు ఎందుకు కాదన్నారో అడగగలదు, నిర్ణయం మార్చలేదు. విజిటర్ వీసాలో ఎక్కువగా చూసేది మీరు తిరిగి వస్తారా లేదా అని. మళ్లీ అప్లై చేసేటప్పుడు ఇక్కడి ఇల్లు, పెన్షన్, మిగతా పిల్లలు, ఇవన్నీ ఫారంలో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, ఇంటర్వ్యూలో టెన్షన్ పడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గ్రీన్ కార్డు క్యూ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. అది ఒక్క సభ్యుడి చేతిలో లేదు. ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం మించకూడదన్న పరిమితి చట్టంలోనే ఉంది. ఉద్యోగ కోటాలో ఆ పరిమితి తీసేసే బిల్లును మీ అబ్బాయి పక్క సీటు సభ్యురాలు జో లాఫ్‌గ్రెన్ ముందుండి నడిపితే 2019 జులైలో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో వేరే రూపంలో ఆమోదించింది, రెండు రూపాలూ కలవకుండానే ఆ సభ కాలం ముగిసింది. ఇన్ని వేల కుటుంబాల జీవితాలు దాని మీద ఆధారపడి ఉండగా అలా వదిలేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ప్రశ్న: అక్కడ పదేళ్లకోసారి మారిస్తే మన దగ్గర ఎందుకు మార్చరు? బెంగళూరు ఇంత పెరిగింది కదా. – కేఆర్ పురం పాఠకుడు

జవాబు: 1976లో 42వ సవరణతో సీట్ల సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గరే ఆపేశారు, 2001లో 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్నది అందులోని ఆలోచన, దక్షిణాది వాళ్లకు అది ఊరికే కొట్టిపారేసే విషయం కాదు. కర్ణాటకకు అప్పటి నుంచీ 28 సీట్లే. సంఖ్య మారలేదు గానీ 2001 లెక్కలతో లోపలి హద్దులు మాత్రం 2008లో మార్చారు. ఆ దెబ్బకే కనకపుర సీటు పోయి బెంగళూరు రూరల్ వచ్చింది, బెంగళూరు సెంట్రల్ కొత్తగా పుట్టింది. మీ కేఆర్ పురం బెంగళూరు నార్త్‌లో ఉంటే పక్కనే ఉన్న వైట్‌ఫీల్డ్ సెంట్రల్‌లో ఉండటానికి కారణం ఆ గీతలే.

పేరు నిలిస్తే చరిత్ర చెప్పడం ఎంత తేలికో బెంగళూరు సౌత్ చూడండి. 1977లో జస్టిస్ కె.ఎస్. హెగ్డే, సుప్రీంకోర్టులో సీనియారిటీ తోసేశారని రాజీనామా చేసి వచ్చిన ఆయన, విధానసౌధ కట్టించిన కె. హనుమంతయ్యను ఓడించి లోక్‌సభ స్పీకరయ్యారు. తర్వాత టి.ఆర్. శామణ్ణ, వి.ఎస్. కృష్ణ అయ్యర్, గుండూరావు, ప్రొఫెసర్ వెంకటగిరి గౌడ, 1996 నుంచి కన్నుమూసే దాకా అనంతకుమార్, 2019 నుంచి తేజస్వి సూర్య. మొత్తం ఒక్క పేరా కూడా పట్టలేదు.

ప్రశ్న: అమెరికా కాంగ్రెస్‌కు తెలుగువాళ్లెవరైనా గెలిచారా? – హెచ్ఎస్ఆర్ లేఅవుట్ పాఠకురాలు

జవాబు: ఇంతవరకూ లేరమ్మా. దగ్గరగా వచ్చినవారిలో హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి అరుణా మిల్లర్ ఉన్నారు. 2018లో మేరీల్యాండ్ 6వ డిస్ట్రిక్ట్‌కు డెమొక్రాటిక్ ప్రైమరీలో పోటీ చేసి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు, 2023లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. మన చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ 2017 నుంచి సియాటిల్ ప్రతినిధి.

వీళ్లందరికంటే ముందు దలీప్ సింగ్ సౌంద్. పంజాబ్ పల్లెటూరి నుంచి 1920లో బర్క్‌లీకి చదువుకోవడానికి వెళ్లాడు, గణితంలో పీహెచ్‌డీ చేశాడు, అయినా భారతీయులకు పౌరసత్వం లేని రోజులు కాబట్టి వ్యవసాయం చేసుకుంటూ బతికాడు. 1946లో చట్టం మారడానికి అక్కడి భారతీయులతో కలిసి పోరాడి 1949లో పౌరుడయ్యాడు. 1950లో జడ్జిగా గెలిస్తే పౌరుడై ఏడాది నిండలేదని సీటు ఇవ్వలేదు, రెండేళ్లాగి మళ్లీ నిలబడి గెలిచాడు. 1956లో కాలిఫోర్నియా 29వ డిస్ట్రిక్ట్‌లో పోటీ చేసినప్పుడు ఎదురు నిలిచింది జాక్వెలిన్ కాక్రన్, ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ, దేశమంతా తెలిసిన పేరు. ఆమెను ఓడించి కాంగ్రెస్‌లోకి వెళ్లిన మొదటి ఆసియా సంతతి మనిషయ్యాడు, మూడుసార్లు గెలిచాడు. 1962లో పక్షవాతం రాకపోయి ఉంటే ఇంకా ఉండేవాడేమో. ఆయన సీటు చరిత్ర కావాలంటే కూడా 29 అనే నంబరు పట్టుకోకండి, రివర్‌సైడ్, ఇంపీరియల్ అనే రెండు కౌంటీల పేర్లతో వెతకండి.